బోర్డు కనపడేటట్టు

కోరుట్లలో నాకొక వార్తల ఛానల్ ఉండేది. ఛానల్ అంటే నేను, నా ఫోను, ఒక ఎర్ర మైకు. ఆ మైకు వైరు దేనికీ తగిలించి ఉండేది కాదు. అయినా మూతి ముందు పెడితే చాలు, మావాళ్లు గొంతు సవరించుకుని మాట్లాడేవాళ్లు.

మా బావది ఇబ్రహీంపట్నం. అక్క ఇక్కడ కోరుట్లలో బీడీలు చుడుతుంటే, అతను గల్ఫ్‌లో ఒక కంపెనీ క్యాంపులో ఉండేవాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. అతని గదిలో ఉండే పెగడపల్లి మనిషి నిద్రలోనే పోయాడట. మూడు వారాలుగా శవం మార్చురీలోనే ఉంది. శవాన్ని ఇంటికి పంపే కాగితం మీద కంపెనీవాళ్లు సంతకం పెట్టడం లేదు.

"వీడియో తియ్యి బావా" అన్నాను. మా దగ్గర అదే పద్ధతి. గల్ఫ్‌లో ఎవరికి కష్టమొచ్చినా ముందు దేవుడికి మొక్కుతారు, తరువాత సెల్ఫీ వీడియో తీస్తారు. రెండోదానికే జవాబు తొందరగా వస్తుంది.

"గేటు కాడ నిలవడు. కంపెనీ బోర్డు కనవడాలె. లేకుంటే నువ్వు ఏడ నిలవడి ఏడుస్తున్నవో ఎవడు నమ్ముతడు?"

"ఏమన్న అయితదా బామ్మర్దీ?"

"ఏమైతది? హీరోవైతవ్."

బావ నిలబడ్డాడు. చేతులు జోడించి, "సారూ, మేం ఎప్పుడొచ్చినా మంచిదే, గీయన్ను మాత్రం ఇంటికి పంపియ్యున్రి" అన్నాడు. దానికి నేను ఏడుపు సంగీతం కలిపి, నా ఛానల్ గుర్తు మూడు చోట్ల అంటించి వదిలాను. రెండు రోజుల్లో జిల్లాలోని వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. వారం దాటగానే శవపేటిక పెగడపల్లికి వచ్చింది. వైరు తగిలించని మైకు పట్టుకుని నేనూ వెళ్లాను. చనిపోయినాయన భార్య నా చేతులు పట్టుకుని, "మీ బావ కాళ్లు మొక్కాలె కొడుకా" అంది. ఆ మాటనూ వీడియో తీశాను.

అప్పటికే బావ ఫోను ఆగిపోయింది. పోలీసులు తీసుకుపోయారని గదివాళ్లు చెప్పారు. అనుమతి లేకుండా గేటును వీడియో తీసి, ఆన్‌లైన్‌లో కంపెనీ పరువు తీశాడని కేసు. జగిత్యాలలో తెలిసిన వకీలు దగ్గరికి పరుగెత్తాను.

"మా బావ చెప్పింది నిజమే గద సార్?"

"నిజమైతేంది? ఆడ నిజం చెప్పినా పరువు పోతది. ఈడ నిన్ను స్టేషన్‌కు పిలువలేదు, గదే నీ అదృష్టం."

"సాక్ష్యం ఏమున్నది సార్?"

"నీ వీడియోనే. బోర్డు మస్తు సాఫుగ కనవడుతున్నది."

వీడియో తీసేస్తే కంపెనీ మెత్తబడవచ్చని ఎవరో అన్నారు. నాది నిమిషంలో తీసేశాను. మిగతా గ్రూపుల అడ్మిన్లను బతిమాలాను. "తీసేస్త తమ్మీ, నీ కోసం తియ్యనా?" అన్నాడు ఒకాయన. అన్నట్టే తీసేశాడు. తీసేసిన సంగతిని వార్తగా పెట్టాడు, కింద మళ్లీ అదే వీడియోతో.

రెండు నెలలకు బావ జైలు నుంచి ఫోన్ చేశాడు. ముందు అక్కకే చేశాడట. అక్క చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది, ఫోను ఇంట్లో ఉండిపోయింది. అందుకని నాకు.

"గాయన ఇల్లు చేరిండా?"

"చేరిండు బావా."

"మంచిగ సాగనంపిన్రా?"

"ఊరంతా అచ్చిన్రు."

బావ గొంతు తగ్గించాడు.

"బామ్మర్దీ, గిదేమన్న రికార్డు చేస్తున్నవా?"

"లేదు బావా."

"మీ అక్కను జాగర్తగ, పైలంగుండుమను." లైను తెగిపోయింది.

నేను చెప్పింది అబద్ధం. వచ్చే ప్రతి కాలూ దానంతటదే రికార్డయ్యేలా ఎప్పుడో పెట్టుకున్నాను. మరి పెద్ద విలేకరిని కదా.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాను. పొగాకు చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఏమన్నడు?" అంది.

"పైలంగుండుమన్నడు."

"గంతేనా? గొంతెట్లున్నది?"

ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వేసి తప్పించుకోవడం నాకు అలవాటు. ఆరోజు ఒక్కటీ దొరకలేదు. ఆ రికార్డు పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాను.

బావ ఇంకా రాలేదు. ఛానల్ ఎప్పుడో మూసేశాను. అక్క మాత్రం బీడీలు అప్పజెప్పి వస్తూ మా ఇంటి దగ్గర ఆగుతుంది. "ఒక్కసారి ఇనిపియ్యి తమ్మీ" అని ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంటుంది. రికార్డు చేస్తున్నవా అని బావ అడిగే చోటు రాగానే తలెత్తి నావైపు చూస్తుంది. జవాబు ఫోనులోంచి నా గొంతే చెబుతుంది. నేను గోడ వైపు చూస్తాను.