అన్నయ్య రాజీనామా

పెన్షను ఆగకూడదంటే బతికే ఉన్నానని ఏడాదికోసారి సర్కారుకు చెప్పుకోవాలి కదా, మొన్న ఆ పని మీద ట్రెజరీ ఆఫీసుకు వెళ్ళి నా పిలుపు కోసం కూచుని ఉంటే, పక్క కుర్చీలోని రిటైర్డు మేష్టారు ఒకాయన తను చదవడం అయిపోయిన పేపరు నా చేతికిచ్చారు. అందులో ఒక మూల చిన్న వార్త. ఏవో కొన్ని దేశాల్లో, ఇంటిపట్టున ఉండి మంచాన పడ్డవాళ్ళకు సేవ చేసిన ఏళ్ళను కూడా సర్వీసు కింద జమకట్టి, వయసు మళ్ళాక వాళ్ళకు పెన్షను ఇస్తారట. ఆ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదవబోతుంటే నా పేరు పిలిచారు. పని ముగించుకుని బయటికి వచ్చానన్న మాటే గానీ, బస్టాండుకు నడవబుద్ధి కాక ఆ మెట్ల మీదే చాలాసేపు కూచుండిపోయాను. నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు.

మాది జగ్గయ్యపేట. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. నాకంటే పదేళ్ళు పెద్దవాడైన అన్నయ్య ఎస్సెల్సీ కాగానే నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాడు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా నందిగామ చేరి, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ ఇంటికి వచ్చేవాడు. ఆ రోజుల్లో బస్సులంటే మీకు తెలిసిందే, రోజూ ఎక్కే మనిషి ఒక నిమిషం ఆలస్యమైతే కండక్టరు బండి ఆపించి వీధి మొగ వైపు చూసేవాడు. అన్నయ్యది ముత్యాల్లాంటి చేతిరాత. పొలం వివరాలుండే అడంగలు కాపీ కోసం వచ్చిన రైతులు పక్క గుమాస్తా ఖాళీగా ఉన్నా సరే, అన్నయ్య బల్ల దగ్గరే నిలబడేవాళ్ళట. ఆ సంగతి అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది.

డెబ్బైల చివర్లో, నేను బెజవాడ హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగు చదువుతున్నప్పుడు, అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట కూడా ఏ ఒకటో రెండో తప్ప పెగిలేది కాదు. నేను పరుగున వచ్చి వారం రోజులున్నాను. అన్నయ్య నన్ను తిరిగి బస్సెక్కిస్తూ, తను సెలవు పెట్టానని, నేను చదువు మీద తప్ప దేని మీదా ధ్యాస పెట్టొద్దని చెప్పాడు. తర్వాత రాసిన ప్రతి ఉత్తరంలోనూ సెలవు ఇంకా ఉందనే రాశాడు. నేను నమ్మాను. పరీక్షలు రాసి ఇంటికి వచ్చాక గానీ అసలు మాట బయటపెట్టలేదు.

"ఉద్యోగం మానేశా అమ్మడూ. ఆ ఆఫీసు నాకు పడలేదు," అన్నాడు, కంచంలో మజ్జిగ పోసుకుంటూ. నేను దాన్నీ నమ్మాను. ఇరవై ఏళ్ళ పిల్లను, చేతికి ఉద్యోగం రాబోతోందన్న సంబరంలో ఉన్నదాన్ని, అంతకంటే లోతుగా ఆలోచించలేదు. ఆ ఏడే నందిగామ దగ్గర ఒక పల్లెటూరి బళ్ళో నాకు పోస్టింగు వచ్చింది. నా జీతం మీద ఇల్లు, అన్నయ్య చేతుల మీద అమ్మ. అలా ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఆ చేతులు చేసిన పనులు ఎన్నని చెప్పను. మొదట్లో కొడుకు చేత ఒళ్ళు తుడిపించుకోవడానికి అమ్మ సిగ్గుతో చితికిపోయేది, కళ్ళు గట్టిగా మూసుకుని నీళ్ళు కార్చేది. అన్నయ్య గోడ వైపు చూస్తూ, తడిగుడ్డతో పని కానిస్తూ, ఆపకుండా ఆఫీసు కబుర్లు చెప్పేవాడు: ఏ రైతు ఏ తగాదాతో వచ్చాడో, ఏ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగుతూ బురదలో కాలేశారో. అమ్మ కాసేపటికి సిగ్గు మర్చిపోయి ఎడమ పెదవితో నవ్వేది. పడని ఆఫీసు గురించి అంత ముచ్చటగా ఎవరు చెబుతారని అప్పుడైనా నాకు తట్టలేదు. పక్కింటి పిన్నిగారి దగ్గర చీర కట్టడం నేర్చుకుని, తలుపేసుకుని తనకు తానే కట్టి చూసుకున్నాడు. వెనక ముడులు వేసే జాకెట్లు కుట్టమని దర్జీకి బొమ్మ గీసి ఇచ్చాడు. జడ వేయడం మాత్రం చివరిదాకా సరిగ్గా రాలేదు, వంకరగానే ఉండేది. పొద్దున పూట అరుగు మీద అమ్మ తల దువ్వుతుంటే వీధిన పోయేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. రెండు సంబంధాలు వచ్చి, ఇంట్లోకి తొంగి చూసి, మళ్ళీ కబురు చేస్తామని వెళ్ళిపోయాయి. అన్నయ్యకు పెళ్ళి కాలేదు. ఈలోగా నాకు మాత్రం తనే దగ్గరుండి చేశాడు.

ఎనభైల మధ్యలో అమ్మ పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళలో అన్నయ్య ఆఫీసు పెద్ద గుమాస్తాగారు కూడా ఉన్నారు. అప్పటికే రిటైరయ్యారు. వెళ్ళబోతూ అరుగు మీద ఆగి, నన్ను పక్కకు పిలిచారు.

"మీ అన్నయ్య కాగితం నెల్లాళ్ళు నా సొరుగులోనే దాచానమ్మా, మనసు మార్చుకుంటాడేమోనని. రాజీనామా అంటే చేసిన పదకొండేళ్ళ సర్వీసూ తుడిచిపెట్టుకుపోద్ది, పెన్షను మాట మర్చిపోవాలి అని చెప్పా. వినలా."

ఆఫీసు పడలేదు కదండీ అని నేనంటే ఆయన వింతగా చూశారు.

"పడకపోవడమేంటమ్మా? సెలవులయిపోయినై. ఒక మనిషిని పెట్టి డ్యూటీకొచ్చాడు, ఆమె సరిగా చూడక మీ అమ్మగారికి వీపున పుండు పడింది. నీ పరీక్షలకు ఇంకో నాలుగు నెలలుండె. నిన్ను చదువు మాన్పించి పిలిపిద్దామని మీ మావయ్య పట్టుబట్టాడు. ఆ సాయంత్రమే కాగితం రాసిచ్చాడు మీవాడు."

నేను పెరట్లోకి వెళ్ళేసరికి అన్నయ్య అమ్మ పరుపు విప్పి దూది ఎండలో పరుస్తున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను. మళ్ళీ అడిగాను.

"చెబితే వచ్చేసేదానివి," అన్నాడు. అంతే. మళ్ళీ దూది పరుచుకోసాగాడు.

నేను ఊరుకోలేకపోయాను. తిరిగి చేర్చుకోమని నేనే అర్జీ రాసి, అన్నయ్యను బలవంతాన నందిగామ ఆఫీసుకు లాక్కుపోయాను. అప్పటికి తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కొత్త ఆఫీసరు కుర్రవాడే అయినా మర్యాదస్తుడు, కూచోమని, అర్జీ మొత్తం చదివాడు. "తల్లికి చేసుకోవడం గొప్ప విషయమేనండి. కానీ దాన్ని సర్వీసులో చూపించడానికి రూలు లేదు," అన్నాడు. అన్నయ్య తనే ఆయనకు సర్దిచెబుతున్నట్టు, "ఉండదండి, నాకు తెలుసు. మా చెల్లెలు ఊరుకోకపోతే వచ్చా," అన్నాడు. బయటికి వచ్చాక నాకు జామకాయలు కొనిపెట్టాడు. రూళ్ళన్నీ కంఠతా వచ్చిన మనిషి, నా తృప్తి కోసం ఆ గుమ్మం ఎక్కి దిగాడు.

ఆ తర్వాత నందిగామలో మా ఇంట్లోనే ఉంటూ, అదే ఆఫీసు బయట చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసిపెట్టేవాడు. అందులో ఎక్కువ ముసలివాళ్ళ పెన్షను అర్జీలే. తనకు ఆ వయసు వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉంది కాబట్టి ఇవ్వడానికి వీల్లేదన్నారు. ఆ ఉద్యోగిని నేనే. అన్నయ్య పోయి ఏడేళ్ళయింది.

ఇప్పుడు మంచాన పడ్డవాళ్ళను చూసుకోవడానికి జీతానికి మనుషులు దొరుకుతున్నారు, కొడుకులు తల్లికి అన్నం తినిపిస్తే ఎవరూ నవ్వడం లేదు. మంచి మార్పే. కానీ ఒక మాట చెప్పుకోకపోతే నాకు తీరదు. ఆ ఎనిమిదేళ్ళూ, ఆ తర్వాత చాలాకాలమూ, మీ అన్నయ్యగారు ఏం చేస్తారని స్టాఫు రూములో గానీ పెళ్ళిళ్ళలో గానీ ఎవరైనా అడిగితే, తాలూకా ఆఫీసులో చేసేవాడు అని చెప్పి మాట మార్చేదాన్ని. నా పిల్లలు సైతం మామయ్య ఏ పనీ చేయలేదనుకుంటూ పెరిగారు. మా అమ్మను చూసుకున్నాడు అని చెప్పడానికి నాకు ఇంత వయసు పట్టింది. ఇప్పుడు ఎవరడిగినా ఆ మాటే చెబుతాను. కానీ అన్నయ్యను ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ఆయన ఏం చేసేవారని నన్ను ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.