తగ్గించి చెప్పిన దెబ్బ

పద్దెనిమిదేళ్లుగా మోస్తున్నాను. బరువు చార్మినారంత అని రాయబోయి కలం ఆపాను. నా రోగమే అది. ఏ సంగతైనా నా నోట్లో పడితే ఉబ్బి ఏనుగంతై బయటికొస్తుంది. నలుగురిని నవ్వించి బతికేవాణ్ణి, జనం నన్ను పిలిచేదీ అందుకే. ఇవాళ మాత్రం మీరొక్కరే వింటున్నారనుకొని ఉన్నది ఉన్నంతే చెప్పాలి. చెప్పగలనా?

సలీంది పాతబస్తీ అవతలి బార్కస్. మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ప్రాణం. ఆడినన్నాళ్లూ అతనికి ఫీజు మాఫీ, హాస్టల్లో రెండు పూటలా తిండి. దారిలో నడుస్తూ కూడా ఏదో ఒకటి తన్నుకుంటూ పోవడం అలవాటు. ఒక సాయంత్రం ఇద్దరం బేగంబజార్‌లో పోతుంటే, అతను తన్నిన నిమ్మకాయ ఒక పాత్రల దుకాణంలోకి దూసుకెళ్లింది. నూరు ఇత్తడి బిందెలు దొర్లాయి. కాదు, మూడు. ఒకటి సొట్టపోయింది. సేటు కేకవేశాడు. పోలీసు జవాను వచ్చి సలీం కాలరు పట్టుకున్నాడు. సలీం విదిలించుకున్నాడు, ఆ ఊపుకు జవాను టోపీ కింద పడింది. కేసు రాసుకున్నారు. జరిగింది ఇంతే.

మర్నాడు హాస్టల్లో నేను చెప్పిన కథలో సలీం జవానును ఏడు దెబ్బలు కొట్టాడు, టోపీ ఎగిరి మూసీలో పడింది. కుర్రాళ్లు కడుపులు పట్టుకున్నారు. ఆ నవ్వు నాకు బిర్యానీ కంటే రుచి.

కథ ప్రిన్సిపాల్ చెవిన పడింది. సలీంను అడిగితే కొట్టలేదన్నాడట. పక్కనున్నది నేనొక్కణ్ణే కనుక నన్ను పిలిచారు. కేసున్నవాడు జట్టులో ఉండకూడదన్నది కాలేజీ నియమం. బిందెల సంగతైతే చూసీచూడనట్టు పోతాను, సర్కారు మనిషిమీద చెయ్యి చేసుకుంటే మాత్రం జట్టులోంచి పేరు కొట్టేస్తాను, నిజం చెప్పు అన్నారు ప్రిన్సిపాల్. కిటికీ అవతల, నా కథకు నవ్విన మొహాలన్నీ ఉన్నాయి.

ఒక్కటే కొట్టాడండీ అన్నాను.

ఏడింటిని ఒకటి చేశాను కదా, సలీంకు మేలే చేశాననుకున్నాను! నా జన్మలో అంత తగ్గించి ఏదీ చెప్పలేదు మరి. ఇంకొక్క మెట్టు దిగితే నిజం. దిగలేదు. దిగితే నా కథ అబద్ధమని కిటికీ అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

సలీం పేరు కొట్టేశారు. ఫీజూ, తిండీ దాంతోపాటే పోయాయి. ట్రంకుపెట్టె పట్టుకొని హాస్టల్ మెట్లు దిగుతూ నా దగ్గర ఆగాడు.

“అన్నా, నువ్వు చూసినవ్ గదా. టోపీ దానంతట అదే పడ్డది.”

“చూసిన.”

“మరి గట్లెందుకు చెప్పినవ్?”

“ఒక్కటే అన్న గదా భాయ్. హాస్టల్ల అయితే ఏడు చెప్పిన!”

నవ్వాను. పాపం, అతనూ నవ్వబోయాడు, అలవాటు కొద్దీ. “మస్తు చెప్తవ్ అన్నా నువ్వు,” అని పెట్టె భుజానికెత్తుకున్నాడు.

పదిహేను రోజులకు సేటే కోర్టులో కేసు వద్దన్నాడు. కాలేజీలో కొట్టేసిన పేరు కొట్టేసినట్టే ఉండిపోయింది. అప్పుడైనా వెళ్లి చెప్పొచ్చుగా? రేపు చెబుదామనుకున్నాను. ఎన్ని రేపులు!

నియమం తప్పని అనను. బంతి తన్నేవాడికి మనిషిని తన్నే హక్కు ఎక్కడిది? కానీ తీర్పు రాకముందే ఒకడి తిండి తీసేయడానికి, నాలాంటివాడి నోరు సరిపోవడమేమిటి? ఈ ప్రశ్న వేసుకొని తప్పును కాలేజీ మీదికి నెట్టాలని కూడా చాలాసార్లు చూశాను. అది అక్కడ నిలవదు, తిరిగి నా దగ్గరికే వస్తుంది.

సలీం ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో బస్తాలు దించుతాడు. ఆ వీధి తప్పించి తిరుగుతాను. క్షమించమని అడిగితే, ఎప్పుడో మరచిపోయిన అన్నా అంటాడేమో. నాకు ఆ భయమే ఎక్కువ.

అతను ఆ జవానును కొట్టలేదు. చెయ్యే ఎత్తలేదు. నా కళ్లతో చూశాను.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.