చెప్పి పెట్టిన ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఈసుళ్ళ మాట ఎత్తకూడదు. తొలి వానలకు పుట్టల్లోంచి రెక్కలతో లేచే ఆ పురుగులను పుస్తకాల్లో ఉసిళ్ళు అంటారు. మావైపు, పెద్దపంజాణి చుట్టుపక్కల పల్లెల్లో, అవి లేచాయంటే ఊరంతా సంబరమే. మట్టి మూకుట్లో దోరగా వేయించి, రెక్కలు చెరిగి, ఉప్పూ కారమూ చల్లి బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్ళు. వేరుశనగ గింజను నేతిలో వేయించినట్టు ఉంటుంది ఆ రుచి. మా అవ్వకు, అంటే నాన్న వాళ్ళ అమ్మకు, అవంటే ప్రాణం. అయినా వాటిని మా గడప దాటి లోపలికి తెచ్చేది కాదు. తినాలనిపిస్తే పక్కింటి అక్క వాళ్ళ వాకిట్లో కూర్చుని తిని, నోరు పుక్కిలించుకుని ఇంటికి వచ్చేది. నన్నూ వెంట తీసుకెళ్ళేది, నా నోరూ కడిగించేది.

అదంతా మా అమ్మ కోసం. అమ్మ మదనపల్లెలో పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న అక్కడ బజారులో బట్టలు కుట్టేవాడు. పెళ్ళై మా పల్లెకు వచ్చిన తొలి వానాకాలంలో, నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, ఈసుళ్ళు కలిపిన బొరుగులు తెచ్చి, ఇవి తాలింపు బొరుగులు తిను వదినా అని పెట్టిందట. ఆకలి మీద ఉన్న అమ్మ తింది. గిన్నె సగం అయ్యాక చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. తిన్నది ఏమిటో తెలిశాక అమ్మ కడుపులో ఉన్నదంతా వాంతి చేసుకుని, జ్వరం తెచ్చుకుని పడుకుంది. వాళ్ళకు అదొక సరదా. పట్నం కోడలిని ఆటపట్టించారు, అంతే. అమ్మకు మాత్రం అది అక్కడితో పోలేదు. నాకు ఊహ తెలిసేనాటికి కూడా, ఎవరు వడ్డించినా సరే, అన్నం కలిపే ముందు ఆమె వేళ్ళు కంచంలో ఒకసారి వెతికేవి. అందరి అమ్మలూ అట్లాగే తింటారని నేను అనుకునేదాన్ని.

నేను ఊళ్ళో బడికి పోతున్న రోజుల్లోనే వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం ఒకటి వచ్చింది. చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తనం మట్టిలోనే మాడిపోయింది. తెగులు తగిలి కోళ్ళు పోయాయి. మేత లేక మా ఆవును నాన్న మేనమామ ఊరికి తోలేశారు. నాన్న కుప్పం అవతల రాళ్ళు కొట్టే పనికి వెళ్ళాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, గంపెడు రాగులు మిగిలాం. పొద్దున అంబలి, సాయంత్రం సంగటి, నంజుకోవడానికి ఎండుమిరపకాయల కారం. అమ్మ అప్పుడు కడుపుతో ఉంది. నా తర్వాత పుట్టిన తమ్ముడు పురిట్లోనే పోయాడు. అందుకని ఈ కాన్పు గురించి ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడేవాళ్ళు కాదు. మాట్లాడితే ఏమవుతుందో అన్నట్టు ఉండేది.

పుంగనూరు నుంచి బస్సులో వచ్చే నర్సమ్మ ఒకరోజు అమ్మను చూసింది. కనురెప్ప కిందికి లాగి చూసి, గోళ్ళు నొక్కి చూసి, ఒంట్లో రక్తం లేదంది. గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి, పాలు తాగించండి, ఇట్లాగే ఉంటే కాన్పు నాటికి తట్టుకోలేదు అని గట్టిగానే చెప్పింది. అవ్వ అన్నిటికీ తల ఊపింది. నర్సమ్మ వెళ్ళిపోయాక గడప మీదే కూర్చుండిపోయింది. గుడ్డుకు కోడి లేదు, పాలకు ఆవు లేదు. అడగడానికి పోదామంటే ఏ ఇంట్లో చూసినా మా ఇంటి సంగతే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఉరుములతో పెద్ద వాన పడింది. మర్నాడంతా గాలి ఆడక ఉక్కపోసింది. పొద్దు వాలే వేళకు అవ్వ నన్నూ పక్కింటి అక్కనూ వెంటబెట్టుకుని మా చేని గట్టు మీద ఉన్న పుట్ట దగ్గరికి నడిచింది. పుట్ట ఒంటి మీద తడిమట్టితో కొత్తగా చీలికలు తెరుచుకుని ఉన్నాయి. అవ్వ వాటిని చూసి, లేస్తాయి, ఈ పొద్దే లేస్తాయి అంది. పుట్ట చుట్టూ కానుగ కొమ్మలు నాటి వాటిమీద కంబళి కప్పాం. పక్కన చిన్న గుంత తీసి, అందులో వెడల్పాటి గిన్నె పెట్టి, దాని దగ్గర దీపం ఉంచాం. కాసేపటికి కంబళి కింద సన్నగా గలగల మొదలైంది. ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు ఉండింది. దీపం వెలుగుకు వచ్చి, గుంతలోకి జారి, గిన్నె నిండా పడ్డాయి. ఇంకా వస్తుండగానే అవ్వ లేచి కంబళి తీసేసింది. మిగిలినవన్నీ బిలబిలమంటూ మసకచీకటిలోకి ఎగిరిపోయాయి. నా ప్రాణం ఉసూరుమంది. అన్నీ పట్టేసుకుంటే వచ్చే ఏటికి పుట్టలు ఎవరు పెడతారు అని అవ్వ నా తల మీద చెయ్యి వేసింది.

ఎప్పటిలాగే అక్క వాళ్ళ వాకిట్లోనే వాటిని వేయించి ఆరబోశాం. రెక్కలు చాటతో చెరిగితే గాలికి పొట్టులా లేచిపోయాయి. అక్క మనసు మంచిది. అమ్మకు ఎట్లాగైనా బలం పట్టాలని ఆమెకూ ఆరాటమే. రోటి దగ్గర కూర్చుని గొంతు తగ్గించి చెప్పింది.

"పొడి కొట్టేద్దాం అవ్వా. రాగిపిండిలో కలిపి సంగటి కెలికితే యాడ తెలస్తాది? ఒంట్లోకి పోతే సాలు గదా."

అవ్వ మెత్తగా దంచింది, జల్లెడ పట్టింది. లేత గోధుమరంగులో, రాగిపిండికి దగ్గరగా ఉంది ఆ పొడి. కలిపితే ఎవరికీ తెలియదని నాకూ అనిపించింది. అమ్మకు చెప్పకూడని రహస్యం ఒకటి నా దగ్గర ఉండబోతోందని గుండెలు కొట్టుకున్నాయి.

అవ్వ ఆ గిన్నె తీసుకుని తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. అవ్వ ఆమె పక్కన నేలమీద కూర్చుని గిన్నెను మూత తీయకుండానే ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది ఈసుళ్ళ పిండి అమ్మా. నీకోసరమే సేసినాను."

అమ్మ గోడవైపు తిరిగింది.

"సెప్పకుండా సంగట్లో కలిపి పెట్టొచ్చు. నువ్వు తింటావు, బలమూ వస్తాది. అయితే ఎప్పుడో ఒకనాడు నీకు తెలస్తాది. ఆ పొద్దు నుంచి నా సేతి కూడు నీకు ఇసమే." అవ్వ గిన్నె మూత సర్దింది. "ఆ పొద్దు బొరుగుల్లో కలిపి పెట్నప్పుడు నేనూ ఆడే ఉండాను. నాకు తెలుసు. వద్దని ఒక మాట అనలేదు. అందరితోపాటు నేనూ నవ్వినాను. తప్పు సేసినానమ్మా."

అత్తగారు కోడలితో తప్పు చేశానని చెప్పడం మా పల్లెలో నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా పెద్దగా వినలేదు. అమ్మ భుజాలు కదిలాయి. గోడవైపు నుంచే అంది.

"నాకొద్దత్తా. గొంతు దిగదు."

"సరేమ్మా," అని అవ్వ లేచి గిన్నెను అటక మీద పెట్టేసింది. బతిమాలలేదు, నర్సమ్మ మాట గుర్తు చేయలేదు, కడుపులో బిడ్డ పేరు చెప్పి భయపెట్టలేదు. బయట అక్క నెత్తి కొట్టుకుంది. "ఎంత పని సేసినావవ్వా! ఇంగ సంగటి గూడా నమ్మకుండా సేసినావు గదా." అవ్వ పొయ్యి దగ్గరికి పోయింది. అంటుకున్న పుల్లను తనే ఆర్పేసి, మళ్ళీ రాజేయడం చూశాను. చెప్పి మంచి చేసిందో చెడు చేసిందో ఆమెకే తెలియలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ సాయంత్రం అవ్వ అమ్మకు సంగటి ముద్ద పెట్టింది. నేను కంచం వంకే చూస్తున్నాను. అమ్మ వేళ్ళు వెతకలేదు. తిన్నగా ముద్ద తుంచి, కారంలో అద్ది, నోట్లో పెట్టుకుంది. అవ్వ అది చూసి పొయ్యివైపు ముఖం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున అమ్మే అడిగింది. "ఆ పిండి యాడ పెట్టినావత్తా? బెల్లం ఏమన్నా ఉండాదా?"

"బలవంతమేమీ లేదమ్మా," అంది అవ్వ కంగారుగా.

"నువ్వు పెట్టినావని కాదు. నేనే అడగతాండాను."

అక్క ఇంటి నుంచి బెల్లంగడ్డ, గుప్పెడు నువ్వులు తెచ్చాను. అమ్మ తన చేతులతోనే వాటిని దంచి, ఆ పిండి కలిపి, ఉసిరికాయంత ఉండలు చుట్టింది. మొదటి ఉండ నోట్లో పెట్టుకునేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు నా చెయ్యి నొప్పి పుట్టింది గానీ కదల్లేదు. మొదట్లో ఒకసారి వాంతి చేసుకుంది. అవ్వ వీపు నిమిరి, చాలించు అంది. అమ్మ నోరు కడుక్కుని, రేపు చూద్దాంలే అంది. తర్వాత తర్వాత కడుపులో నిలబడింది. రోజూ ఒక్క ఉండే. ఎక్కువ తింటే కడుపు తిరగబడుతుందని అవ్వ అంతకు మించి తిననిచ్చేది కాదు.

నాన్న వచ్చాక, చలి మొదలయ్యే రోజుల్లో, చెల్లెలు పుట్టింది. చిన్నపిల్ల, పిడికెడు ఉండింది. ఏడుపు మాత్రం వీధి చివరికి వినిపించింది. అమ్మ లేచి తిరిగింది. ఆ పిండి వల్లే ఇద్దరూ బతికారని నేను చెప్పను. ఆ రోజుల్లోనే వానలు బాగా పడ్డాయి, ఆకుకూరలు వచ్చాయి, నర్సమ్మ మాత్రలు తెచ్చి ఇచ్చింది. ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. అమ్మకు ఈసుళ్ళు ఎప్పటికీ ఇష్టం కాలేదు, ఆ కాన్పు తర్వాత మళ్ళీ ముట్టలేదు. కానీ మరుసటి ఏడు అవి లేచినప్పుడు, పక్కింటికి యాల పోతావత్తా, మన పొయ్యి మీదే వేయించుకో అని తనే మూకుడు తీసి ఇచ్చింది. వాసన పడక వేగినంతసేపూ బయట అరుగు మీద కూర్చుంది.

మొన్న మా మనవడు బెంగళూరు నుంచి వచ్చి ఫోనులో ఏదో చూపించాడు. పురుగులను పెట్టెల్లో పెంచుతున్నారట. వాటికి నీళ్ళు తక్కువ పడతాయట, నేల తక్కువ పడుతుందట, మాంసంలో ఉండే బలం వాటిలోనూ ఉంటుందట. పిండి కొట్టి బిస్కెట్లలో కలిపితే చూసి అసహ్యపడకుండా తింటారు అవ్వా, అన్నాడు. మేము కరువులో తిన్నది రేపటి తిండి అవుతుందంటే నాకు సంతోషమే వేసింది. మంచిదే నాయనా, పొట్లం మీద పెద్ద అక్షరాలతో రాయమను, తినేవాళ్ళకు చెప్పి పెట్టమను అన్నాను. వాడు నవ్వి, రాస్తారులే అన్నాడు. వాడికి ఈ కథ అంతా అప్పుడు చెప్పాను.

చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. అవ్వకు చివరి రోజుల్లో చూపు పోయింది. మంచం మీదే అన్నీ. అమ్మే తినిపించేది. అవ్వ ఏమిటని అడగకుండా నోరు తెరిచేది. అయినా అమ్మ ప్రతి ముద్దకూ చెప్పేది. ఇది సంగటి అత్తా. ఇది పెసరపప్పు. ఇది మాత్ర, చేదుగా ఉంటాది, నీళ్ళు తాగు. కళ్ళు కనిపించని మనిషి నోటి దగ్గర చెయ్యి పెట్టి, ఆమె సరేనని తల ఊపే దాకా ఆగేది.

నేనూ పిల్లలకు పెట్టాను, మనవలకు పెట్టాను, నా భర్త మంచాన పడి మాట పోయిన కాలంలో ఆయనకూ పెట్టాను. చేదు మందును తేనెలో కలిపినా, కలిపానని చెప్పే పెట్టాను. ఆలస్యమయ్యేది, కొన్నిసార్లు వద్దని ముఖం తిప్పుకునేవాళ్ళు. గిన్నె పక్కన పెట్టి కూర్చునేదాన్ని.