మందు వాసనతో ఆ గడప ఎక్కకూడదని

సుబ్బరాయప్ప మామ మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. వీధిలో బండి చప్పుడైతే చాలు, పోలీసులేమోనని పెరటి తలుపు గడియ తీసి నిలబడుతున్నాడు. ఆండర్సన్‌పేటలో ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గడియ చప్పుడు మాకు వినపడుతుంది.

కారణం రిజిస్టర్ పోస్టులో వచ్చిన నోటీసు. ఆ మాటంటేనే ఆ ఇంట్లో వణుకు. మామ వాళ్ళ నాయన చిత్తూరు పల్లె నుంచి వచ్చి ఇక్కడి కోలారు బంగారు గనిలో దిగినవాడు. ఆ ఇంటికి వచ్చిన మొదటి నోటీసు గని మూసేస్తున్నారని. ఆ తర్వాతే మామ వీపుకు పురుగుమందు కొట్టే పంపు తగిలించుకున్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా, ఏటా మామిడి పూతకాలంలో శ్రీనివాసపురం చుట్టుపక్కల తోటలకు మందు కొడుతున్నాడు. ఒక్క చెట్టు పూత మాడ్చిన పాపం లేదు.

"చదవరా," అని కాగితం నా ముందు పెట్టాడు.

విషయం ఇది. మామను మందు కొట్టడానికి పిలిచిన రామాంజినప్ప మామిడితోట పక్కనే, పట్టుపురుగులు మేపే శశికళ మల్బరీ తోట. మామ కొట్టిన మందు గాలికి ఆ మల్బరీ ఆకు మీద పడింది. తెలియక ఆమె ఆ ఆకే కోసి పట్టుపురుగులకు వేసింది. ఇంకో వారంలో గూళ్ళు కట్టాల్సిన పురుగులు. తలలు ఊపుతూ, పచ్చనీళ్ళు కక్కి, సాయంత్రానికి ముడుచుకుపోయి చచ్చాయి. ముందుగా చెప్పలేదు, గాలిలో కొట్టారు, నష్టం కట్టండి, లేకుంటే కోర్టుకు పోతాం అని ఆమె లాయరు రాశాడు. మొదటి పేరు రామాంజినప్పది, రెండోది మామది.

"జైలు ఎన్నేండ్లురా?" అన్నాడు మామ.

"జైలు లేదు మామా. ఇది పోలీసు కేసు కాదు, సివిల్ తప్పు. నీ వల్ల ఒకరికి నష్టం వచ్చింది, పూడ్చమని అడుగుతాండారు. అంతే."

"వీడి మాట నమ్మొద్దు," అంది ఆదిలక్ష్మమ్మ అత్త. "లా కాలేజీలో రెండేండ్లు బెంచీ అరగదీసి పారొచ్చినోడు."

"ఆ రెండేండ్లలో తలకెక్కింది ఇదొక్కటే అత్తా. వినండి. కోర్టు అడిగేది మూడే. పక్క తోట గురించి జాగ్రత్త పడాల్సిన బాధ్యత నీకు ఉండిందా? పడినావా, లేదా? నీ అజాగ్రత్త వల్లే పురుగులు చచ్చినాయా?"

"నేను కావాలని చేసినానా?"

"కావాలని చెయ్యలేదంటే చాలదు మామా. కావాలని చెయ్యకపోయినా నష్టం నష్టమే. ముందురోజు ఆ యమ్మకు చెప్పినావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. మందు కొట్టేవాడు ముందురోజే పట్టుపురుగులవాళ్ళకు చెప్పాలి. వాళ్ళు రెండు రోజుల ఆకు ముందే కోసి తడిగోనె కింద దాచుకుంటారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. మందు వాసన, బీడీ వాసన ఉన్నవాడు పురుగులు మేపే ఇంటి దరిదాపులకు రాకూడదు.

"ఆ ముందురోజు ఇంకో తోటకు కొట్టి వచ్చినాను. ఒళ్ళంతా మందు," అన్నాడు మామ. "ఆ వాసనతో పోతే పురుగులకు పడదు కదప్పా. పోకూడదనే పోలేదు. ఆ యమ్మకు చెప్పన్నా అని రామాంజినప్పకు చెప్పినాను. సరే అన్నాడు."

"గాలి సంగతి?"

"గాలి లేని తెల్లారుజామునే కొట్టాల. బస్సు లేటు. ఎనిమిదైంది మొదలుపెట్టేసరికి. సగంలో గాలి ఎత్తింది. కలిపిన మందు పారబోసేదానికి మనసు రాలేదు."

పురుగులను కాపాడాలని వెనక్కి తగ్గిన మనిషే వాటిని చంపాడు.

మధ్యాహ్నం రామాంజినప్ప వచ్చాడు. బండి ఆగగానే మామ పెరట్లోకి పోబోతే అత్త చొక్కా పట్టి ఆపింది. రామాంజినప్ప టైపు చేసిన కాగితం తీశాడు. మామ తానే ముందురోజు శశికళ ఇంటికి వెళ్ళి మందు సంగతి చెప్పానని ప్రమాణం చేస్తున్నట్టు అందులో ఉంది.

"రేపు కోలారులో నోటరీ ముందర ఒక్క సంతకం, సుబ్బరాయప్పా. ఇద్దరమూ బయటపడతాము."

"నేను పోలేదు కదన్నా."

"పోయినావని రాసినాక పోయినట్టే. లేదంటే ఇంగ నీ పంపు మూలకే. ఈ తాలూకాలో నిన్ను ఎవురు పిలుస్తారో చూస్తాను."

ఆయన పోయాక మామ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. సంతకం చేస్తే అబద్ధం, చేయకపోతే రేపటి నుంచి పని లేదు.

"చేసేస్తానురా. జైలు తప్పుతుంది."

"ఇంతసేపు లేని జైలు ఇదో, ఇందులో ఉండాది," అన్నాను. "అజాగ్రత్తకు పరిహారమే. కోర్టుకు అబద్ధపు ప్రమాణం ఇస్తే అది నేరం. అప్పుడు నిజంగానే పోలీసులు వస్తారు. నీ తప్పు నీ మీద ఉంటుంది, ఆయన తప్పు ఆయన మీద. పనికి పిలిచినోడు ఆయన. చెప్తానని ఒప్పుకొని చెప్పనోడు ఆయన. ఎవరిదెంతో కోర్టు తేలుస్తుంది."

"ముందు పోయి ఆ యమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది అత్త. లేచి మామ స్నానానికి నీళ్ళు కాచింది.

మామ సీకాయ పెట్టి రెండుసార్లు తల రుద్దుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. శ్రీనివాసపురం బస్సులో దారి పొడుగునా తన చేతులు వాసన చూసుకుంటూనే ఉన్నాడు.

పురుగులు మేపే ఇంటికి పది బారల దూరంలో ఆగిపోయాడు. అక్కడి నుంచి ఒక్క అడుగు వేయలేదు. శశికళ బయటికి వచ్చింది. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

"నీకు చెప్పేదానికి నేను రాలేదమ్మా," అన్నాడు మామ. "రాలేదు. గాలి ఎత్తినా ఆపలేదు."

ఆమె తలుపు పూర్తిగా తెరిచింది. ఖాళీ తట్టలు, వాటి మీద చచ్చిన పురుగులు తీసేశాక చల్లిన సున్నం.

"అంత దూరం నిలబడినావేంది? ఇంగ లోపల చచ్చేదానికి ఏముండాది? రాప్పా."

మామ చెప్పులు విడిచి గడప దాకా వచ్చాడు. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదే మాట కోర్టులో చెప్తావా?"

"భయంగా ఉండాదమ్మా."

"చెప్తావా, లేదా?"

"చెప్తాను," అన్నాడు. పట్టుకున్న ద్వారబంధాన్ని మాత్రం వదల్లేదు.