కార్డు వెనకవైపు

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. జైల్లో అందరికీ ఆమె తేదీలక్క. ఖైదీలు అలాగే పిలిచేవారు, వార్డర్లూ అలాగే పిలిచేవారు. ఇంట్లో వదినగారు, అంటే చనిపోయిన భర్తకి అక్కగారు, ఒళ్ళు మండినప్పుడు "ఏమమ్మా తేదీలక్కా, ఈ నెల గ్యాసు ఎప్పుడు అయిపోతుందో ఆ తేదీ కూడా చెప్పకూడదూ?" అని దెప్పిపొడిచేది.

భర్త ఆ జైల్లోనే వార్డరు. ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోతే, రికార్డు సెక్షన్లో ఆమెకి గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. ఇది ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట. బయటి గేటుకీ లోపలి గేటుకీ మధ్య ఒక గది, దానికి రెండు కిటికీలు. ఒకటి వీధివైపు, ములాఖత్ కోసం వచ్చే బంధువులు చీటీలు ఇచ్చేది. రెండోది లోపలి ఆవరణవైపు, ఊచల కిటికీ. గోడ పొడుగునా ఇనప సొరుగులు, వాటి నిండా పసుపుపచ్చ కార్డులు. మనిషికో కార్డు. ముందువైపు పేరు, నేరం, శిక్ష ఎన్నేళ్ళు, ఏ రోజున పడింది. వెనకవైపు ఎర్ర సిరాతో తగ్గింపులు: శిక్ష పడకముందు రిమాండులో గడిపిన రోజులు, మంచి నడతకి మాఫీ అయిన రోజులు. ముందువైపు మనిషిని లోపలికి పంపిస్తుంది, వెనకవైపు బయటికి పంపిస్తుంది అని ఆమె కొత్తగా వచ్చిన వార్డర్లకి చెప్పేది.

గురువారం గురువారం మధ్యాహ్నం ఊచల కిటికీ దగ్గర ఖైదీలు వరస కట్టేవారు. ఇలా చెయ్యాలని ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఎవరో ఒక ముసలి ఖైదీ ఒకసారి "అమ్మా, నాకింకెన్నాళ్ళుంది?" అని అడిగితే ఆమె కార్డు తీసి చెప్పింది. అంతే, అది అలవాటుగా పాతుకుపోయింది. నంబరు చెప్పగానే కార్డు లాగి, ముందువైపు చూసి, తిప్పి వెనకవైపు చూసి, వేళ్ళ మీద లెక్క కట్టి రోజుల్లో చెప్పేది. కొందరికి ఆ సంఖ్య తెలిసే ఉంటుంది. అయినా ఆమె నోటితో వినాలి. పోయిన గురువారం కంటే ఏడు తగ్గిందని విని, కడుపు నిండినట్టు వెళ్ళిపోయేవారు.

ఆ వరసలో ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. పనిచోట కొట్లాటలో ఒకడి తల పగలగొట్టాడు, నాలుగేళ్ళు పడింది. నేను చెయ్యలేదని ఏనాడూ అనలేదు. భార్య లేదు, ఒక్కతే కూతురు, పిల్లల ఆశ్రమంలో ఉంది. ఆ ఆశ్రమంలో పన్నెండేళ్ళు నిండేదాకానే ఉంచుకుంటారు. ఆ రోజుకి అయినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళకపోతే పెద్దపిల్లల కోసం వేరే ఊళ్ళో ఉన్న ఏదో ఒక హాస్టలుకి పంపేస్తారు. అందుకని మేస్త్రి మొదటి గురువారమే రోజుల సంగతి వదిలేసి, "పాపకి పన్నెండు నిండేలోపు వెళ్తానా అక్కా?" అని అడిగాడు.

ఆమె కార్డు తిప్పింది. శిక్ష పడకముందు ఒక చిన్న సబ్ జైల్లో అతను రెండు వందల పదిహేడు రోజులున్నాడు. అవి పోనూ లెక్క కట్టింది. "పదకొండు రోజులు ముందే వెళ్తావు. ఈలోపు బుద్ధిగా ఉండు" అంది. మేస్త్రి ఊచలు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. వెనకున్నవాడు "జరగవయ్యా" అంటే గానీ కదల్లేదు. ఆ వారమే పక్క బ్యారక్కులో చదువుకున్నవాడిచేత, పుట్టినరోజుకి ముందే వస్తానని కూతురికి ఉత్తరం రాయించాడు.

ఆ తర్వాత రెండేళ్ళకి కంప్యూటర్లు వచ్చాయి. రావడం తప్పని ఎవరూ అనరు. సొరుగుల్లో చెదలు పట్టేవి, కార్డులు తప్పిపోయేవి, ఆ మాటకొస్తే లంచం పుచ్చుకుని కార్డు అడుక్కి తోసేవాళ్ళూ ఉండేవారు. కాకపోతే పై అధికారులకి తొందర. ఫలానా రోజున ప్రారంభోత్సవం అని ముందే ప్రకటించేశారు. పద్దెనిమిది వందల కార్డులు నెల రోజుల్లో ఎక్కించాలి, సెక్షన్లో ఉన్నది ఇద్దరు. ఆమెకి కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడానికే తల ప్రాణం తోకకి వచ్చేది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇంజినీరు భుజం మీంచి తొంగిచూసి, "ముందువైపు మాత్రం కొట్టండి మేడమ్. వెనకవైపు రెండో విడతలో చూసుకుందాం" అన్నాడు.

"వెనకవైపే కదండీ అసలు సంగతి" అంది ఆమె.

"పాతవాళ్ళతో ఇదే గొడవ" అన్నాడతను నవ్వుతూ, పక్కనున్నవాళ్ళకి వినపడేలా.

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. పాత సరుకు అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? పళ్ళు బిగించి కొట్టింది. మొదట రోజుకి ఇరవై, తర్వాత నలభై, చివరి వారంలో డెబ్భై. ముందువైపు మాత్రమే. ప్రతి కట్ట చివరా ఒక కాగితం ఉండేది: "అసలు కార్డుతో పోల్చి చూడబడినది, సరిగా ఉన్నది." దాని కింద సంతకం పెట్టింది. ముప్పై ఆరు సంతకాలు. ప్రారంభోత్సవం రోజున అందరికంటే వేగంగా పని ముగించిన సెక్షన్ అని ఆమెని వేదిక మీదికి పిలిచి గోడ గడియారం బహుమతి ఇచ్చారు. ఆమె మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెని ఎవరైనా పదిమంది ముందు మెచ్చుకోవడం అదే మొదలు.

రెండో విడత రాలేదు. కార్డులు మాత్రం లారీ ఎక్కి కాగితం మిల్లుకి వెళ్ళిపోయాయి. మేస్త్రి రిమాండులో ఉన్న సబ్ జైలు ఈలోపు మూతపడింది, దాని రిజిస్టర్లు కూడా అదే లారీలో పోయాయి.

లోపలి ఆవరణలో ఒక మిషను పెట్టారు. వేలు ఆనిస్తే విడుదల తేదీ అచ్చేసి చీటీ ఇస్తుంది. దానికి సిమెంటు దిమ్మ కట్టింది మన మేస్త్రే. గురువారం వరస ఆగిపోయింది, ఊచల కిటికీకి రేకు కొట్టేశారు. మొదటి వారం ఆవరణలో, తమ రోజులు పెరిగాయని కాస్త గొణుగుడు వినిపించింది. ఒక పొడుగు వార్డరు లాఠీ తిప్పుతూ "మిషను అబద్ధం చెబుతుందట్రా?" అని నోళ్ళు మూయించాడు.

మేస్త్రి ఆఫీసు గోడకి పగుళ్ళు పూడ్చే పని మీద వచ్చి, తాపీ కింద పెట్టి, జేబులోంచి చీటీ తీశాడు.

"అక్కా, మీ లెక్క ప్రకారం నాకు తొంభై రెండు రోజులుంది. దీంట్లో మూడు వందల తొమ్మిది అని పడింది. నాకు చదువు రాదు కదా, నలుగురిచేత చదివించాను. నలుగురూ అదే అన్నారు."

ఆమె మనసులోనే తీసివేత చేసింది. రెండు వందల పదిహేడు. ఆ ఎర్ర సిరా అంకెలు కళ్ళముందు కనిపించాయి. రాసింది తనే. ఎక్కించనిదీ తనే.

"చూస్తాలే, నువ్వు కంగారు పడకు" అంది.

కంప్యూటర్లో తప్పులు చెప్పుకోవడానికి ఒక పేజీ ఉంది. అందులో అంతా వివరంగా రాసింది. పందొమ్మిది రోజులకి జవాబు వచ్చింది: సమస్య పరిష్కరించబడింది. ఆశగా తెరిచి చూస్తే తేదీ ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ రాసింది. ఈలోపు సెలవు పెట్టి కోర్టుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా తీర్పు తీసి చూపించాడు. "రిమాండు రోజులు తగ్గించాలనే ఉందమ్మా. ఎన్ని రోజులో ఇందులో ఉండదు. ఆ లెక్క మీ జైలు నుంచే రావాలి." జైల్లో అడిగితే కోర్టు నుంచి రావాలన్నారు. రెండోసారి కూడా సమస్య పరిష్కరించబడింది అనే వచ్చింది.

ఆశ్రమానికి ఫోన్ చేసింది. అక్కడి మేడమ్ మంచిదే, కసురుకోలేదు. "ఆరు నెలలు కాదండీ, ఆరు రోజులు కూడా ఆపలేం. పన్నెండు నిండిన రోజున పాప పేరు మా లిస్టులోంచి దానంతటదే పోతుంది" అంది.

సరైన లెక్క ప్రకారం విడుదలకి ఇక యాభై రోజులున్నాయనగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఫైలు తెప్పించి ఆ ముప్పై ఆరు కాగితాలు బల్ల మీద పరిచాడు.

"ఇది మీ సంతకమేనా అమ్మా?"

"నాదేనండి."

"పోల్చి చూశానని రాశారు. అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

ఆయన కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దాడు.

"పోనీ మేస్త్రి తేదీ తప్పే అనుకుందాం. మరి మిగతావాళ్ళవి? ఎంతమందివి తప్పో మీకు గుర్తుందా?"

ఆ ప్రశ్న ఆమె అంతవరకూ తనని తాను వేసుకోలేదు. మేస్త్రిది గుర్తుండటానికి కారణం ఆ పాప పుట్టినరోజు. మిగతా వందల కార్డుల వెనక ఏముందో ఒక్కటీ గుర్తులేదు. పొడుగు వార్డరు నోరు మూయించినవాళ్ళలో ఎందరు నిజం చెబుతున్నారో ఇక దేవుడికి కూడా తెలియదు. సూపరింటెండెంటు గొంతు తగ్గించి, "తప్పు చేశానని మీరు రాతపూర్వకంగా ఇస్తే పైకి పంపుతాను. ఉద్యోగం సంగతి మాత్రం నన్నడక్కండి. బాగా ఆలోచించుకోండి" అన్నాడు.

ఆ సాయంత్రమే కాగితం రాసింది. సగం పేజీ కూడా లేదు. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. మర్నాడు ఇద్దామనుకుంది. మర్నాడు సూపరింటెండెంటు సెలవు. ఆ మర్నాడు ఆయన ఉన్నాడు, ఈమే గది గుమ్మందాకా వెళ్ళి తిరిగి వచ్చేసింది. అలా నలభై రోజులు ఆ కాగితం సంచిలోనే ఇంటికీ ఆఫీసుకీ తిరిగింది. మేస్త్రి ఎదురుపడితే ఫైళ్ళు వెతుకుతున్నట్టు తల దించుకునేది. పిరికితనమే. దానికి ఇంకో మంచి పేరు పెట్టి ఆమెని వెనకేసుకురావడం నాకు చేతకాదు.

చివరికి వదినగారి కంటపడింది. దువ్వెన కోసం సంచి వెతుకుతూ ఆ కాగితం తీసి చదివింది. తిడుతుందనుకుంటే తిట్టలేదు. బహుమతిగా వచ్చిన గోడ గడియారం వైపు చూసింది.

"ఈ కాగితం రాసి ఎన్నాళ్ళయిందే?"

"నలభై రోజులు, వదినా."

"రేపు ఇచ్చేసి రా. ఇద్దరు ముసలాళ్ళం, ఏదో ఒకటి తిని బతుకుతాం. ఆ పిల్ల సంగతి చూడు ముందు" అంది. అని లేచి, కుర్చీ వేసుకుని గడియారం దింపి మంచం కిందకి తోసేసింది.

మర్నాడు ఇచ్చింది. సరైన లెక్క ప్రకారం మేస్త్రి విడుదలకి అప్పటికి పది రోజులుంది. ఆ పది రోజులూ గడిచాయి. ఆ తర్వాత పదకొండు రోజులు గడిచి పాపకి పన్నెండు నిండాయి. ఆ రోజు మేస్త్రి పనికి రాలేదు. బ్యారక్కులో గోడవైపు తిరిగి పడుకున్నాడని వార్డరు చెప్పాడు.

హెడ్డాఫీసు నుంచి జవాబు రెండు నెలలకి వచ్చింది. ఆమె ఉద్యోగానికి ఏమీ కాలేదు. కంప్యూటరు రికార్డు ప్రకారం సదరు ఖైదీ విడుదల తేదీ సరిగానే ఉందని, సదరు ఉద్యోగికి కంప్యూటరు మీద అవగాహన లోపించినట్టు కనబడుతోందని, రెండు రోజుల శిక్షణకి పంపవలసిందని అందులో ఉంది. ఆమె శిక్షణకి వెళ్ళింది. అక్కడ మౌస్ ఎలా పట్టుకోవాలో నేర్పి సర్టిఫికెట్ ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చింది. శిక్ష వేసి ఉంటే ఏడ్చేది కాదేమో.

తర్వాత ఒకసారి మేస్త్రి ఆఫీసు గుమ్మం దగ్గర ఆగాడు. "మీ మాట నమ్మి పాపకి ఉత్తరం రాయించాను అక్కా" అన్నాడు. అంతే అన్నాడు. గట్టిగా నాలుగు తిట్టి ఉంటే ఆమె ప్రాణం కాస్త తెరిపిన పడేది. అతను తిట్టే రకం కాదు.

మిషను చెప్పిన రోజునే, మిషను చెప్పినట్టే, మేస్త్రి విడుదలయ్యాడు. విడుదల కాగితం మీద వేలిముద్ర వేయించింది ఆమే. శిక్ష గడువు పూర్తి అని దాని మీద అచ్చయి ఉంది. అతను తాపీ, జత బట్టలు ఉన్న సంచి తీసుకుని బయటి గేటు దాటాడు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం వీధివైపు కిటికీ దగ్గర ములాఖత్ వాళ్ళ వరసలో అతను కనిపించాడు. గడ్డం పెరిగింది, చెప్పులు అరిగిపోయాయి. తన వంతు వచ్చేదాకా నిలబడి, చీటీ ఇచ్చే కన్నంలోంచి లోపలికి వంగాడు.

"ఆశ్రమానికి వెళ్ళాను అక్కా. వేరే ఊరి హాస్టలుకి పంపామన్నారు. అక్కడికి వెళ్తే అది మూసేశారు, పిల్లల్ని రెండు మూడు చోట్లకి పంచేశారంట. ఒకచోట అడిగాను, ఇంకోచోట అడిగాను. మా లిస్టులో లేదన్నారు. హాస్టళ్ళ ఆఫీసుకి వెళ్తే, అంతా కంప్యూటర్లో ఉంటుంది, తెలిసినవాళ్ళచేత చూపించుకో అన్నారు. నాకు తెలిసినవాళ్ళు మీరే కదా. కాస్త చూసి చెప్పండి, మా పాపని ఎక్కడ పెట్టారో."

ఆమె ముందున్న కంప్యూటర్లో ఖైదీల పేర్లు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ మాట చెప్పాలని నోరు తెరిచింది. కన్నంలోంచి అతను తెర వైపే చూస్తున్నాడు, ఒకప్పుడు ఊచల్లోంచి కార్డు వైపు చూసినట్టు. ఆమె ఆ మాట మింగేసి పాప పేరు అడిగింది. అతను చెప్పాడు. ఇంటిపేరుతో సహా కొట్టింది. వివరాలు లేవు అని వచ్చింది.

వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. మేస్త్రి కదల్లేదు.

"వెనకవైపు కూడా చూడండి అక్కా" అన్నాడు.