సన్యాసి మీద అనుమానం

వనపర్తి కాలేజీలో చరిత్ర చెప్పే సుదర్శన్ సార్ పల్లికాయను కూడా ఒలిచి, పురుగు లేదని చూసుకున్నాకే తింటాడు. ఆయన అనుమానమంతా వెయ్యేళ్ల కిందటి ఒక బైజాంటిన్ క్రైస్తవ సన్యాసి మీద. ప్రాచీన రోము చరిత్ర గ్రంథాన్నొకదాన్ని ఆ సన్యాసి కుదించి రాశాడు. అసలు గ్రంథం చాలావరకు పోయి, కుదింపే మిగిలింది. "ఏమేం దాసిండో ఎవరికి తెల్సు?" అంటాడు క్లాసులో, కళ్లద్దాల పైనుంచి చూస్తూ. మొన్న గద్వాలలో బావమరిది కూతురి పెళ్లి. పిలుపులో ఏదో తేడా ఉందని ఈయన వెళ్లలేదు. భార్య అలివేలు ఒక్కతే వెళ్లొచ్చి, "మంచిగైంది" అంది.

"గంతేనా? ఏం ఇడిసిపెట్టి చెప్తున్నవ్?"

ఆమె పట్టుచీర మడతపెట్టసాగింది. ఆయన వదల్లేదు.

"మీరెందుకు రాలేదని ఒక్కరు గూడ అడగలే" అంది చివరికి.

చేతిలో ఉన్న పల్లికాయను ఆయన ఒలవలేదు.