గవరయ్య ఎడమచేతి వాటం

కలకత్తా వాట్‌గంజ్‌లో గవరయ్యను పగబట్టిన పామనేవారు. అనరూ మరి! భానుమూర్తి స్టూడియో చీకటిగదిలో ఇరవై ఆరేళ్లు ఫొటోలు కడిగినవాణ్ణి, 2005లో కంప్యూటరు రాగానే ఆ పెద్దమనిషి ఒక్క మాటతో సాగనంపాడు. కాలం మారింది, పోనీ అనుకోవచ్చు. గవరయ్య ఓర్చుకోలేనిది వేరే ఉంది.

ఓడరేవు డాకులో బస్తా మోస్తున్న తండ్రిని ఒకనాడు గవరయ్యే స్టూడియో కెమెరాతో ఫొటో తీశాడు. ఆ ఏడే తండ్రి పోయాడు. నెగెటివ్ స్టూడియోలో ఉండిపోయింది. భానుమూర్తి దాని కింద తన పేరు వేసుకుని ప్రదర్శనల్లో పెట్టాడు. అందరూ డిజిటల్‌కి మారాక పాత పద్ధతికి మోజు పుట్టి, 'చీకటిగది ఆఖరి కళాకారుడు' అని పేరు కూడా కొట్టేశాడు. ఒక్కనాడూ మందుల్లో చేయి తడుపుకున్న పాపాన పోలేదు, సిగ్గులేని మనిషి!

2009లో న్యూ టౌన్ ప్రదర్శనవాళ్లు ఆ ఫొటోనే జనం ముందు కడిగి చూపించమన్నారు. భానుమూర్తి గవరయ్య గుమ్మమెక్కి, మందులు కలిపి ట్రేలు సర్దిపెడితే చాలు, మిగతాది తనకు తెలుసునన్నాడు. గవరయ్య సరేనన్నాడు. భార్య నాగేశ్వరికి ఒళ్లు మండింది.

"ఏటి, మళ్లీ ఆడి కాడికే ఎల్తావా?"

"ఎల్తాను. ఆడి యేలితో ఆడి కన్నే పొడిపిస్తాను."

గవరయ్యది ఎడమచేతి వాటం. అందరూ ఎడమవైపు పెట్టే డెవలపర్‌ను, అంటే బొమ్మను తేల్చే మందును కుడివైపు, తేలిన బొమ్మను నిలబెట్టే హైపోను ఎడమవైపు పెట్టుకునేవాడు. ఇరవై ఆరేళ్లూ అంతే. ఆ రోజూ అలాగే పెట్టాడు, చెప్పలేదు. ముందే హైపోలో పడిన కాగితం మీద బొమ్మ రాదు. వేలు ముంచితే తెలిసిపోతుంది, డెవలపర్ సబ్బునీళ్లలా జారుతుంది. ముంచితే కదా!

హాలు చీకటి చేసి ఎర్రదీపం వేశారు. భానుమూర్తి నెగెటివ్ వెలుగు పట్టించిన కాగితాన్ని పట్టకారుతో ఎడమ ట్రేలో వేశాడు. తెల్లగానే ఉంది. రెండోదీ అంతే. మూడోదానికి జనం నవ్వారు, భానుమూర్తి చొక్కా చెమటకు తడిసిపోయింది. గవరయ్య కడుపు చల్లబడింది.

కాస్త చూడమని భానుమూర్తి గొణిగాడు. గవరయ్య లేచి, అందరికీ కనబడేలా వేలు ముంచి, అలాంటిదే మరో కాగితాన్ని కుడి ట్రేలో వేశాడు. తండ్రి మెల్లగా తేలివచ్చాడు. ఎవరీయన అని ముందు వరసలో ఒకావిడ అడిగింది. ఎవరో కూలీ అన్నాడు భానుమూర్తి.

"సూరన్న. మా అయ్య. ఫొటో తీసింది నానే, కడిగింది నానే," అన్నాడు గవరయ్య. అదే మాట బెంగాలీలోనూ చెప్పాడు.

దీపాలు వేశాక, గోడమీది అదే ఫొటో కింద భానుమూర్తి పేరున్న చీటీ పీకేసి, కొత్త చీటీ మీద ఎడమచేత్తో అయ్య పేరు, దాని కింద తన పేరు రాశాడు. అది అంటించేదాకా జిగురు సీసా భానుమూర్తి చేతే పట్టించాడు.